పీకేసిన ఇరవై మొక్కలు

శాంభవి తెల్లకోటు ఆ ఇంట్లో వేరే బకెట్టులో నానాలి. పెరట్లో కుళాయి పక్కన ఒక నీలం బకెట్టు, దానికో సబ్బు, దానికో బ్రష్షు. ఇలా చేయాలని ఎవరూ కాగితం రాసి గోడకి అంటించలేదు. పోయినేడు ఒకరోజు సాయంత్రం అత్తగారు బాలసరస్వతి, "ఆ బొప్పాయి పాలంటిన గుడ్డలు మా బట్టల్లో కలపకమ్మాయ్, అసలే వేడి చేసే సరుకు" అన్నారు. అంతే. ఇళ్ళల్లో చట్టాలు ఇలాగే పుడతాయి. ఒకరు ఒక మాట అంటారు, ఇంకొకరు ఏడాది పొడుగునా ఆ మాటని ఉతుకుతూ కూర్చుంటారు.

అలాగని బాలసరస్వతి గారు అక్షరం ముక్క రాని మనిషి కాదు. మున్సిపల్ హైస్కూల్లో ముప్పై ఒక్క ఏళ్ళు జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. సత్యనారాయణపురం వీధుల్లో ఇప్పటికీ ఆవిడ ఎదురైతే బండి ఆపి నమస్కారం పెట్టే డాక్టర్లున్నారు. పువ్వులో భాగాలు, కణవిభజన, బఠాణీ మొక్కల పాఠం అన్నీ ఆవిడకి కంఠోపాఠం. కాకపోతే బడిలో చెప్పినవి బడిలోనే వదిలేసి, చెప్పులు మార్చుకున్నట్టు మార్చుకుని ఇంటికొచ్చేవారు. ఇంట్లో బొప్పాయి అంటే కడుపు పోగొట్టే కాయ. దాన్ని తినడం సరే, ఆ చెట్ల మధ్య తిరిగినా చాలు.

ఇప్పుడు శాంభవికి మూడోసారి నెల తప్పింది. తొమ్మిదో వారం. ఉదయం లేవగానే డికాషన్ వాసనకి కడుపులో తిప్పుతుంది, అయినా డికాషన్ తీసేది ఆమే. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో ఇంజనీరైన భర్త విశ్వేశ్వర్ ఏడింటి బస్సు అందుకోవాలి కాబట్టి ఆరున్నరకల్లా ఆయన క్యారియర్ సర్దాలి. మామగారు పోయిన దగ్గర్నుంచీ అత్తగారికి రెండో కాఫీ కుర్చీ దగ్గరికి వెళ్ళాలి. అన్నీ అయ్యాక, వాంతి చేసుకోవడానికి కూడా తీరిక చూసుకుని, పామర్రు రోడ్డులో ఉన్న పండ్లతోటల పరిశోధనా కేంద్రానికి గంటంపావు బస్సు. "నువ్వు పని మానెయ్యమని నేనెప్పుడూ అనలేదు కదా" అని విశ్వేశ్వర్ అప్పుడప్పుడూ అంటుంటాడు. అనలేదు, నిజమే. పని చేయడానికి వీలుగా ఒక్క గిన్నె కడగలేదు, అదీ నిజమే.

ఆమె పని బొప్పాయికి వచ్చే వైరస్ మీద. ఆరేళ్ళుగా అదే. ఆకులు పసుపెక్కి, సన్నగా తాళ్ళలా మెలితిరిగి, కాయ మీద ఉంగరాల్లాంటి మచ్చలు పడే జబ్బు అది. పేనుబంక పురుగు దాన్ని ఒక చెట్టు మీంచి ఇంకో చెట్టు మీదికి మోస్తుంది. మందు లేదు. చల్లపల్లి దగ్గర జక్కయ్య అనే రైతు ఒకసారి తువ్వాల్లో చుట్టి ఒక కాయ తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. "రెండెకరాలమ్మా. కాపు మొదలైన నెలకే మొత్తం ఇట్టా అయిపోయింది. దీనికేం కొట్టమంటారో చెప్పండి" అన్నాడు. కొట్టడానికేం లేదు, నరికి తగలెయ్యడమే అని చెప్పడానికి ఆ రోజు ఆమెకి పావుగంట పట్టింది. ఆ వైరస్ జన్యువులోంచే చిన్న ముక్క తీసి బొప్పాయి జన్యువులో చేరిస్తే, మొక్క శత్రువుని ముందే గుర్తుపట్టి, లోపలికి వచ్చిన వైరస్‌ని పెరగనివ్వదు. వినడానికి రెండు వాక్యాలు, చేయడానికి ఆరేళ్ళు. గాజుసీసాలో మినప్పప్పంత మొలక దగ్గర్నుంచి పెంచుకొస్తే, ఇప్పుడు గ్రీన్‌హౌస్‌లో నలభై మొక్కలు ఆమె భుజాల దాకా నిలబడ్డాయి.

ఆ నలభై పక్కనే ఇంకో ఇరవై. అవి జన్యువు మార్చని మామూలు బొప్పాయిలు, పోల్చి చూడ్డానికి పెట్టిన కంట్రోల్ మొక్కలు. జబ్బు ఆకు నూరి, ఆ రసాన్ని సన్నటి గరుకుపొడితో కలిపి, మొత్తం అరవై మొక్కల ఆకులకీ శాంభవే తన వేళ్ళతో రుద్దింది. ఆ ఇరవై జబ్బుపడాలి. ఈ నలభై పడకూడదు. ఇరవై పడితేనే ఈ నలభై నిలబడినట్టు లెక్క, లేకపోతే అసలు రుద్దిన రసంలో వైరస్ బతికి ఉందో లేదో ఎవరికి తెలుసు? నెల తిరిగేసరికి ఇరవైకి ఇరవై మాడిపోయిన మొహాలు వేశాయి. నలభై నవనవలాడుతున్నాయి. మరో నెల ఇలాగే ఉంటే, ఢిల్లీ నుంచి వచ్చే కమిటీ చూసి, కంచె వేసిన చిన్న మడిలో బయట నాటుకోవడానికి అనుమతి ఇస్తుంది. ఆ అనుమతి కోసమే శాంభవి వాంతులు దిగమింగుకుని బస్సెక్కుతోంది.

కమిటీ రావడానికి ఇంకా మూడు వారాలుందనగా కేంద్రం హెడ్ భానుమూర్తి గారు గదిలోకి పిలిచారు. ఆయన చదివింది భూసారం, కూర్చున్నది కుర్చీలో, ఎనిమిది నెలల్లో రిటైరవుతారు. మనిషి చెడ్డవాడు కాడు. తియ్యగా మాట్లాడతారు, అదే ఇబ్బంది.

"కూర్చోమ్మా, కూర్చో. శుభవార్త విన్నాను. చాలా సంతోషం. ఇకనించీ నువ్వు గ్రీన్‌హౌస్‌లోకి వెళ్ళకు. మొక్కలూ, కమిటీ ప్రెజెంటేషనూ జయదేవ్ చూసుకుంటాడు. నువ్వు ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని ఫైళ్ళు సర్దిపెట్టు, చాలు."

శాంభవికి ఒక నిమిషం ఏమీ అర్థం కాలేదు. మూడో నెల నిండేదాకా బయటివాళ్ళకి చెప్పకూడదన్నది అత్తగారి పట్టింపు. ఆ పట్టింపు వల్ల సొంత చెల్లెలు అనఘకి కూడా ఆమె చెప్పలేదు. "ఎవరు చెప్పారు సర్?" అంది.

"మీవారే ఫోన్ చేశార్లేమ్మా. ఎంత శ్రద్ధో! బొప్పాయి దగ్గర వద్దు సర్, రెండుసార్లు ఇలా అయింది, మా అమ్మ బెంగ పెట్టుకుంది అన్నారు. నాకూ కూతుళ్ళున్నారమ్మా, అర్థం చేసుకోగలను."

ఆమె కడుపులో ఏముందో చెల్లెలికి తెలియకూడదు గానీ హెడ్ గారికి తెలియొచ్చు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉయ్యూరు దాటేదాకా ఆ మాటే నమిలింది. ఏడుపు వస్తుందేమో అనుకుంది, రాలేదు. ఒళ్ళు మండింది. ఆరేళ్ళ పనిని ఒక్క ఫోన్‌కాల్‌తో తీసి జయదేవ్ చేతిలో పెట్టారు. వాడు ఆమె కింద చేరి పద్నాలుగు నెలలు. వెనకటి ప్రయోగంలో ఆకుకి రసం రుద్దమంటే బూట్లకి పాలిష్ పెట్టినట్టు రుద్ది నాలుగు మొక్కలు చంపినవాడు.

ఆ సాయంత్రం కూరగాయలు తరుగుతూ అడిగింది. విశ్వేశ్వర్ సోఫాలో కూర్చుని ఫోన్ చూస్తున్నాడు.

"భానుమూర్తి గారికి మీరెందుకు ఫోన్ చేశారు?"

"నీ మంచికే కదా శాంభవీ. నువ్వెలాగూ అడగవు. మొహమాటం నీకు."

"నాకు మొహమాటం అని ఎవరన్నారు?"

"ఇదిగో, ఇలా ప్రతిదానికీ తగువు పెట్టుకోకు. ఈ టైములో బీపీ పెరగకూడదు." ఆ మాట అనేసి ఆయన మళ్ళీ ఫోన్లోకి వెళ్ళిపోయాడు. హాల్లోంచి అత్తగారు, "నాలుగు నెలలు ఓర్చుకుంటే ఏం పోతుందే? చెట్లు ఎక్కడికీ పోవు. కడుపు నిలిస్తే అదే పదివేలు" అన్నారు.

ఈ కడుపు నిలవడం సంగతి కాస్త చెప్పుకోవాలి. మొదటిసారి పోయింది నాలుగేళ్ళ కింద, ఎనిమిదో వారంలో. అప్పటికి శాంభవి బొప్పాయి చెట్ల దగ్గరికి వెళ్ళడం మానేసి ఏడు నెలలైంది, మధ్యలో ఏడాదిపాటు ఆమెని ఒక వరి ప్రాజెక్టుకి పంపించారు. అందుకని అప్పుడు తప్పు బండిది. "గుంతల రోడ్డు మీద బండేసుకు తిరిగితే ఉంటుందా?" అన్నారు అత్తగారు. బండి అమ్మేశారు. రెండోసారి పోయింది పోయినేడు, పదో వారంలో. అప్పటికి బండి లేదు కాబట్టి తప్పు బొప్పాయిది. మూడోసారికి ఏది దొరుకుతుందో అని శాంభవికి ఒక్కోసారి నవ్వు కూడా వస్తుంది. ఆమె ఏ పని చేస్తుంటే ఆ పనే కారణం. డాక్టరు గారు మాత్రం ఆ రెండు మాటలూ అనలేదు. "ఇది మీరు చేసినదాని వల్ల కాదమ్మా. రెండుసార్లయింది కాబట్టి ఇద్దరికీ క్రోమోజోముల పరీక్ష రాస్తున్నాను, రక్తం ఇచ్చి వెళ్ళండి" అన్నారు. శాంభవి ఆ రోజే ఇచ్చింది. రిపోర్టులో ఏ దోషమూ లేదు. విశ్వేశ్వర్ "మళ్ళీ వస్తాను, షిఫ్టుకి టైమైంది" అన్నాడు. పదకొండు నెలలుగా ఆయనకి షిఫ్టుకి టైమవుతూనే ఉంది. ఆ పరీక్ష సంగతి అత్తగారికి చెప్పనూ లేదు, చెప్పనివ్వనూ లేదు. "అమ్మకి ఇవన్నీ ఎందుకు, కంగారు పడుతుంది" అన్నాడు. బొప్పాయిని తిడుతుంటే మాత్రం పక్కనే కూర్చుని వింటూ ఉండేవాడు. ఒక్కసారి కూడా, అమ్మా అదేం కాదు అనలేదు. శాంభవికి అన్నిటికన్నా అదే ఎక్కువ గుచ్చుకునేది.

మూడు వారాలు ఆమె ఫ్యాను కింద కూర్చుంది. కూర్చోబెట్టింది విశ్రాంతికని పేరే గానీ, జయదేవ్ చూపించబోయే స్లయిడ్లన్నీ ఆమే తయారుచేసింది. గ్రాఫులు ఆమెవి, ఫోటోలు ఆమెవి, మొదటి పేజీలో పేరు జయదేవ్‌ది. "మీరు రాలేకపోతున్నారు కాబట్టి మేడమ్, నా పేరు పెట్టమన్నారు సర్" అన్నాడు పాపం, తల వంచుకుని. పైగా కమిటీ వాళ్ళ భోజనాలు కూడా ఆమెకే అప్పజెప్పారు. "ఇలాంటివి మీ ఆడవాళ్ళకే బాగా తెలుస్తాయమ్మా. పెసరట్టుప్మా పెట్టిద్దామా, ఇడ్లీలా? ఢిల్లీ వాళ్ళకి కారం తక్కువుండాలి, చెప్పు" అన్నారు భానుమూర్తి గారు. వైరస్ మీద డాక్టరేట్ చేసిన మనిషి మూడు రోజులు క్యాటరింగ్ అతనితో అల్లం చట్నీ గురించి మాట్లాడింది.

కమిటీ వచ్చే రోజు ఉదయం, ఆమె భోజనాల బల్లల దగ్గర నిలబడి ఉండగా దానమ్మ వచ్చింది. గ్రీన్‌హౌస్‌లో నీళ్ళు పోసేది దానమ్మే. శాంభవి కన్నా ఎక్కువసేపు ఆ మొక్కల దగ్గర గడిపింది.

"మేడంగారండీ, ఒక సంగతి. మొన్న జబ్బు మొక్కలన్నీ పీకించేశారండి."

"ఏవి?"

"ఆ ఇరవై అండీ. పెద్దాఫీసర్లు వస్తుంటే ఎదురుగా ఆ చచ్చుమొహాలెందుకు, శుభ్రంగా తీయించెయ్ అన్నారండి హెడ్ సారు. నేనన్నానండీ, మేడంగారు అయ్యి ముట్టుకోవద్దన్నారు అని. మేడం ఇప్పుడు రాదులే, నువ్వు పని చూడు అన్నారండి. పీకి, కాల్చేశామండి. కుండీలు కడిగి ముగ్గు కూడా ఏయించారండి గుమ్మంలో."

శాంభవి పరుగులాంటి నడకతో గ్రీన్‌హౌస్‌కి వెళ్ళింది. నిజమే. నలభై పచ్చటి మొక్కలు, కడిగిన నేల, రంగుల ముగ్గు. పెళ్ళిచూపులకి ఇంట్లో రోగిష్టి ముసలమ్మని వెనకగదిలో పెట్టి తలుపేసినట్టు, జబ్బు మొక్కల్ని మాయం చేసి గది సింగారించారు. ఇల్లు సర్దుకున్న బుద్ధితో ల్యాబు సర్దారు. కంచే చేను మేసింది, ఇక ఎవరికి చెప్పుకోవాలి? జయదేవ్ మూలన నిలబడి గోళ్ళు కొరుకుతున్నాడు. "నాకు తెలుసు మేడమ్ తప్పని. సర్ చెప్పాక కాదనలేకపోయాను" అన్నాడు.

భానుమూర్తి గారు వెనకే వచ్చారు. ఆయన మొహంలో కూడా కాస్త రంగు తగ్గింది, ఆ ఇరవై లేకపోతే పరీక్షే లేదని ఎవరో అప్పటికే చెప్పినట్టున్నారు. గొంతు తగ్గించి, "అయిందేదో అయిందమ్మా. ఫోటోలు ఉన్నాయి కదా. అడిగితే, జబ్బు ముదిరి చచ్చిపోయాయని చెబుదాం. నిజానికి చచ్చిపోయేవే కదా? మన మొక్కలకి ఇంకా మంచి పేరు. నువ్వు కంట్రోల్ మొక్కల సంగతి వరకు ఒక్క ముక్క చెప్పు, నీ మాటంటే నమ్ముతారు. ఆరేళ్ళ నీ కష్టం, నీ ప్రాజెక్టు, గుర్తుంచుకో" అన్నారు.

మూడు వారాల తర్వాత మళ్ళీ అది ఆమె ప్రాజెక్టు అయింది. అబద్ధం చెప్పాల్సి వచ్చినప్పుడు.

ఆయన చెప్పినదాంట్లో ఆశ లేకపోలేదు. ఒక్క ముక్క. చచ్చిపోయాయండి, అంటే చాలు. అనుమతి వస్తుంది. వచ్చే సంక్రాంతి దాటేలోపు మడిలో నాటొచ్చు. జక్కయ్య లాంటివాళ్ళు బల్ల మీద కాయ పెట్టినప్పుడు చెప్పడానికి ఆమె దగ్గర ఒక జవాబు ఉంటుంది. ఆ అనుమతి ఆ గదిలో ఎవరికన్నా ఆమెకే ఎక్కువ కావాలి. కమిటీలో ఐదుగురూ ముగ్గు తొక్కకుండా లోపలికి వచ్చి మొక్కల మధ్య తిరుగుతున్నంతసేపూ ఆమె ఆ మాట నాలుక మీద పెట్టుకుని చూసుకుంది. ఈ మూడు వారాల్లో ఒక్కరోజు కూడా తను చూడలేదు. ఆ ఇరవైలో జబ్బు ఏ దశ దాకా వచ్చిందో, రుద్దిన వైరస్ చివరిదాకా బతికి ఉందో, చూసి రాసిపెట్టినవాళ్ళు లేరు. రేపు రైతు పొలంలో ఇవి పడిపోతే? అప్పుడు భానుమూర్తి గారు రిటైరై మనవళ్ళతో ఉంటారు. తప్పు ఎవరి నెత్తిన పడుతుందో ఆమెకి చెప్పనక్కర్లేదు. తప్పు ఆమెని వెతుక్కుంటూ రావడం ఆమె ఎన్నిసార్లు చూడలేదు?

కమిటీ పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని, "బాగున్నాయి. మరి జబ్బు తగిలిన మామూలు మొక్కలేవి?" అని అడిగారు.

జయదేవ్ భానుమూర్తి గారిని చూశాడు. భానుమూర్తి గారు శాంభవిని చూసి చిరునవ్వు నవ్వారు. "అది మా శాంభవి చూసుకుందండి. చెప్పమ్మా, చచ్చిపోయాయి కదా?"

"చచ్చిపోలేదండి" అంది శాంభవి. "పీకేశారు. మీరొస్తున్నారని మొన్న పీకి కాల్చేశారు. మూడు వారాల నుంచి వాటి మీద నమ్మదగ్గ లెక్క లేదు. ఈ పరీక్ష చెల్లదండి, మళ్ళీ మొదటినుంచి చేయాలి."

పెద్దాయన జేబులోంచి పెన్ను తీసి, "ఎంతకాలం పడుతుంది?" అన్నారు.

"నాలుగు నెలలు."

"బాధ్యత ఎవరిది అని రాసుకోవాలి?"

"నాది. నా పేరు రాసుకోండి."

భానుమూర్తి గారు చప్పున ముందుకొచ్చారు. "అదేం కుదరదండీ, అమ్మాయి ప్రస్తుతం ఒట్టిమనిషి కాదు" అన్నారు, ఐదుగురు కొత్తవాళ్ళ ముందు, దానమ్మ ముందు, జయదేవ్ ముందు. శాంభవి చెవులు కాలిపోయాయి. నేల చీలితే బాగుండునని మనసులో అనుకుంటూనే నోటితో, "నిజమేనండి. నాలుగు నెలలకి నాకు ఏడో నెల వస్తుంది. ఏడో నెలలో కూడా కళ్ళు కనిపిస్తాయి. కూర్చుని చూడ్డానికి ఒక కుర్చీ వేయిస్తే చాలు" అంది. పెద్దాయన ఆమె పేరు స్పెల్లింగు అడిగి రాసుకున్నారు.

ఇంటికి చేరేసరికి వార్త ఆమె కన్నా ముందే చేరింది. భానుమూర్తి గారికి విశ్వేశ్వర్ నంబరు ఎలాగూ ఉందిగా. విశ్వేశ్వర్ ఆ రోజు పెందలాడే వచ్చి హాల్లో నిలబడి ఉన్నాడు.

"మతిపోయిందా నీకు? చేతికొచ్చిన అనుమతి నోటితో పోగొట్టుకున్నావట! పైగా మళ్ళీ ఆ చెట్ల దగ్గరికే వెళ్తానన్నావట!"

"అవును."

బాలసరస్వతి గారు కుర్చీలోంచి, "నే చెబుతూనే ఉన్నాను. మొండితనం. రెండుసార్లు అనుభవించి కూడా బొప్పాయి బొప్పాయి అంటూ..." అన్నారు.

శాంభవి చెప్పులు విప్పి, బ్యాగు కింద పెట్టి, ఆవిడ ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. కోపం వచ్చింది, దాచుకోలేదు.

"అత్తయ్యా, మీరు ముప్పై ఒక్క ఏళ్ళు పాఠం చెప్పారు. బిడ్డకి క్రోమోజోములు ఎక్కణ్ణించి వస్తాయి?"

"ఇదేం ప్రశ్నే? సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి."

"పోయినేడు డాక్టరు గారు ఇద్దరికీ రక్తపరీక్ష రాశారు. నాది అప్పుడే చేశారు, ఏ దోషమూ లేదు. రెండో సగం ఇంకా చేయించుకోలేదు. పదకొండు నెలలైంది."

బాలసరస్వతి గారు కొడుకు వంక తిరిగారు. "ఏరా? నాకు చెప్పలేదేం?"

"అమ్మా, అవన్నీ... దాంట్లో ఏముంటుంది, నేను బాగానే ఉన్నాను కదా" అన్నాడు విశ్వేశ్వర్. ఆయన మొహం మొదటిసారి ఎర్రబడింది. శాంభవికి ఆ ఎరుపులో కోపం కన్నా భయమే ఎక్కువ కనిపించింది, జాలి కూడా కలిగింది. ఇన్నాళ్ళూ ఆ భయాన్ని ఆయన ఆమె చెట్ల చాటున దాచుకున్నాడు. జాలి కలిగిందని ఆగలేదు.

అత్తగారు కాసేపు ఒళ్ళో కొంగు సర్దుకున్నారు. బడి గుర్తొచ్చిందో, ఇల్లు గుర్తొచ్చిందో తెలియదు. చివరికి, "అది సరే అనుకో... అయినా బొప్పాయి వేడే కదమ్మాయ్" అన్నారు.

శాంభవి లేచి నిలబడింది.

"సోమవారం ఉదయం ఆయన రక్తపరీక్షకి ల్యాబులో టైము తీసుకున్నాను, తోడుకి నేను రాను. ఆ వేళకి నేను కొత్త మొక్కలకి వైరస్ రుద్దుతుంటాను. ఆయన రిపోర్టు వచ్చేదాకా ఈ ఇంట్లో ఎవరూ నా చెట్ల మాట ఎత్తకండి."